వచ్చే లేడు, రాని లేడు

నేను చూసుకున్న పాపకు అప్పటికి నాలుగేళ్ళు నిండలేదు. నార్సింగిలో చాలా పై అంతస్తులో వాళ్ళ ఇల్లు. వానాకాలం పొద్దున నేను వెళ్ళేసరికి కిటికీ అవతల ఏమీ ఉండేది కాదు. కింద రోడ్డు లేదు, ఎదురు బిల్డింగు లేదు, తెల్లటి మబ్బు ఒక్కటే అద్దానికి ఆనుకుని నిలబడేది. కాసేపటికి అందులోంచి క్రేన్ చెయ్యి ఒకటి మెల్లగా బయటికి వచ్చేది. పాప దానికి టాటా చెప్పేది. ఆ ఇంటిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అట్లాగే కనపడుతుంది, సగం మబ్బులో, సగం బయట.

వాళ్ళది భీమవరం వైపు. వాళ్ళమ్మ పొద్దున్నే గచ్చిబౌలిలో ఆఫీసుకు వెళ్ళిపోయేది. నాన్న ఇంట్లోనే, ఒక గదిలో తలుపు వేసుకుని పని చేసేవాడు. నన్ను అందరూ ఆయమ్మా అని పిలిచేవాళ్ళు.

మొదటి రోజు వాళ్ళమ్మ చెప్పులు వేసుకుంటూ చెప్పింది.

"ఆయన కాల్లో ఉంటారండి. పాపని అటు పోనివ్వకండి."

ఆమె వెళ్ళాక పాప గౌను పైకెత్తి తన కాళ్ళు చూసుకుంది. తర్వాత వచ్చి నా చీర అంచు ఎత్తి నా పాదాలు చూసింది.

"ఏంది బిడ్డా, ఏం దేవులాడుతున్నవ్?"

"డాడీ ఎవరి కాల్లో ఉన్నారు?"

నాకు మాత్రం ఏం తెలుసు. "నీ కాల్లో లేడు, నా కాల్లో లేడు. గదిల ఉన్నడు" అన్నాను. పాప నమ్మలేదు. నా మడమ పగుళ్ళలోకి ఇంకోసారి తొంగి చూసి లేచింది.

సారు మీటింగులో ఉన్నాడంటే, మీటింగు అంటే ఏదో ఊరు అనుకునేది పాప. మా ఇల్లు ఖాజాగూడలో, గుట్టల పక్కన. రోజూ ఆటోలో వచ్చిపోతాను కాబట్టి దారులన్నీ నాకు తెలుస్తాయని ఆమె లెక్క. "మీటింగు మీ ఇంటికంటే ముందు వస్తుందా, దాటాక వస్తుందా?" అని అడిగేది. దాటినంకనే అని చెప్పేదాన్ని.

ఇక అసలు మాటకు వస్తాను. పని మధ్యలో గేటు నుంచి ఫోను వస్తే లేడని చెప్పమన్నాడు సారు. వాళ్ళమ్మ అయితే లేరు అనేది, నా నోటికి లేడు అనే వచ్చేది. గోడ అవతల సారు దగ్గుతుండేవాడు, ఇవతల నేను సారు లేడని చెబుతుండేదాన్ని. పాప పక్కనే నిలబడి వినేది. ఇంతలో తలుపు తెరుచుకునేది, సారు చాయ్ కోసం బయటికి వచ్చేవాడు. అలా పాప దృష్టిలో లేడు అంటే తలుపు వెనకాల ఉన్నాడని.

ఒకరోజు అన్నం పెడుతుంటే అడిగింది.

"మీ ఇంట్లో తాత ఏడి?"

"లేడు బిడ్డా."

మా ఆయన ఆఫీసు బస్సు నడిపేవాడు. ఛాతీలో నొప్పని దవాఖానకు పోయినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. చావు మాటలు పిల్ల ముందు వద్దండి, భయపడుతుంది అని వాళ్ళమ్మ ముందే చెప్పి ఉంది. అందుకే లేడు దగ్గరే ఆగాను.

పాప ముద్ద మింగి, "ఏ గదిలో ఉన్నాడు?" అంది.

"మాకు ఉన్నదే ఒక్క గది."

"తలుపు కొట్టావా?"

"కొట్టలే."

"మెల్లగా కొట్టాలి. గట్టిగా కొడితే కోప్పడతారు."

నేను దిద్దలేదు. సాయంత్రం ఆటోలో పోతుంటే పక్కనుంచి ఆఫీసుల తెల్ల బస్సులు వరసగా సాగుతున్నాయి. చినుకుల వెనుక వాటి దీపాలు కరిగినట్టున్నాయి. మా ఆయన ఎక్కడో ఒక తలుపు వెనకాల, సారు లాగే చెవులకు ఏదో తగిలించుకుని కూర్చున్నాడనిపించింది. చాయ్ యాళ్ళకు లేచి వస్తాడనిపించింది. మర్నాడు పాప "వచ్చాడా?" అంది. "ఇంకా రాలే" అన్నాను. "పెద్ద మీటింగు" అంది. చాలా రోజులు మేమిద్దరం ఆ మాటలోనే బతికాము. నాకు అది బాగుండేది.

ఒక సాయంత్రం కింద ఉయ్యాలల దగ్గర ఇంకో ఇంటి ఆయా వచ్చి కూర్చుంది.

"మొగుడు లేకపాయె. ఒక్కదానివి ఎట్ల ఉంటున్నవక్కా?"

నాకంటే ముందు పాప అందుకుంది. "వస్తాడు. తలుపు వెనకాల ఉన్నాడు."

ఆమె నవ్వింది. "ఏ తలుపు బిడ్డా? లేడంటే లేడు. ఇగ రాడు."

లిఫ్టులో పైకి వచ్చాము. ఇంట్లోకి అడుగు పెట్టామో లేదో గేటు నుంచి ఫోను. అలవాటుగా ఎత్తి "సారు లేడు" అన్నాను. ఫోను పెట్టి చూస్తే పాప సారు గది ముందు నేల మీద పడుకుని ఉంది. తలుపు కింది సందులోకి వేళ్ళు దూర్చింది. గట్టిగా ఏడవటం లేదు. "డాడీ లేడు. ఇక రాడు" అని తనకు తనే చెప్పుకుంటోంది.

పెద్దవాళ్ళతో కాల్ ఉంది, ఎవ్వరూ తలుపు తట్టొద్దని పొద్దున్నే గట్టిగా చెప్పాడు సారు. ఉన్న పని పోతే పోనీ అనుకున్నాను. అరచేత్తో కొట్టాను.

సారు కోపంగానే తీశాడు. పాప ఆయన మోకాలిని చుట్టేసుకుంది.

"ఏమైందమ్మా? నేనిక్కడే ఉన్నాను కదా."

"ఆయమ్మ లేడు అంది."

"గేటోళ్ళకు చెప్పిన సార్" అన్నాను. "మా ఆయన సంగతి అడిగితే గూడ గదే మాట చెప్పిన. పిల్ల రెండూ ఒక్కటే అనుకున్నది."

సారు చెవుల మీది సామాను తీసి నేల మీద కూర్చున్నాడు. అందులోంచి సన్నటి గొంతులు ఆయన్ను పిలుస్తూనే ఉన్నాయి. పాప ఆయన గడ్డం తడిమి చూసింది. ముక్కు పట్టుకుని చూసింది.

"డాడీ వచ్చే లేడు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "తాత?" అంది.

వాళ్ళమ్మ మాట గుర్తొచ్చింది. సారు వైపు చూశాను. ఆయన చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

"తాత రాని లేడు, బిడ్డా."

అప్పటిదాకా ఎవరడిగినా లేడు అన్నాను, పోయిండు అన్నాను. రాడు అని మాత్రం నా నోటితో నేను అనలేదు.

"తలుపు కొట్టినా రాడా?"

"కొట్టినా రాడు."

పాప నా అరచెయ్యి తిప్పి చూసింది. కొట్టిన చోట ఎర్రగా ఉంది.

"అయితే కొట్టకు. చెయ్యి నొప్పెడుతుంది" అంది.

వాళ్ళమ్మ ఇంటికి వచ్చాక సారే ఆమెకు చెప్పాడు. ఆమె నాకు కూడా కలిపి చాయ్ పెట్టింది.

మర్నాటి నుంచి గేటు ఫోను మోగితే చాలు, పాప పరుగున వచ్చి నా కొంగు పట్టుకునేది. సరైన మాట చెప్పేదాకా వదిలేది కాదు.

"సారు వచ్చే లేడు" అన్నాను.

"ఏందమ్మా? వస్తడా, లేడా? జర ఒక్కటి చెప్పు" అన్నాడు గేటు దగ్గరి అతను.

"రెండూ" అన్నాను.