మూసిన నోరు

మొన్న చలికాలం మేడ్చల్‌ల బస్సెక్కిన. పక్కసీటు పెద్దాయన తువ్వాల చుట్టిన మూట నా ఒళ్ళె పెట్టి, టికెట్ పైసల కోసం జేబు ఎతుక్కున్నడు.

"పైలం బిడ్డా, మా పిలగాని తలకాయ. విగ్రహానిది," అన్నడు.

కొడుకు యుద్ధంల పోయిండట. పోయినంక పతకం ఇచ్చిండ్రట.

"తూటాలు తాకినంక గూడ తోటోళ్ళకు దారి చెప్పుకుంట ఆఖరిదాకా ఒర్రుతనే ఉన్నడంట. శిల్పేమో నోరు మూసుకున్నట్టు చేసిండు. తెరిపిద్దామని శామీర్‌పేటల ఆ శిల్పికాడికే వాపస్ తీస్కపోతున్న."

కిటికీలకెళ్ళి చలిగాలి కొడుతాంది. తువ్వాల లోపలికెళ్ళి మాత్రం నా మణికట్టుకు వెచ్చగ ఊపిరి తగిలింది. ఆగి, మళ్ళ తగిలింది.

మూతికాడ తువ్వాల జర వదులు చేసిన.

ఆయన చూసిండు.

"నేను గూడ గట్లనే చేస్త," అన్నడు.