రెండు గులాబీ అత్తర్లు

మా ఆయన దవడకు పుట్టిన క్యాన్సర్ చెంపను తొలుచుకుని బయటికి వచ్చింది. పట్నంలో డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. నొప్పికి మందులిచ్చారు. వాసనకు మాత్రం ఏ మందూ పనిచేయలేదు. రోజుకు మూడుసార్లు పుండు కడిగి కట్టు మార్చినా, నారాయణఖేడ్‌లో మేముండే రెండు గదులకూ అది పట్టేసింది. చూడవచ్చినవాళ్లు గడప దగ్గరే నిలబడి మాట్లాడి పోయేవాళ్లు. వాళ్ల సంగతి ఆయన పట్టించుకోలేదు. కానీ పదేళ్ల మా బిడ్డ కూడా లోపలికి రావడం మానేసింది. ఆయన కళ్లు ఎప్పుడూ తలుపు మీదే ఉండేవి.

ఒకరోజు బస్ డిపో దగ్గరి అత్తరు దుకాణానికి వెళ్లాను.

"అన్నిట్ల గట్టిది కావాలె" అన్నాను.

దుకాణం ముసలాయన రెండు సీసాలు తీశాడు. రెండూ గులాబీవే. ఒకదాంట్లో చందనం కలిపారట, ఇంకోదాంట్లో అగరు చెక్క. నా ఒక్కో మణికట్టుకు ఒక్కోటి రాశాడు. చందనంది తియ్యగా, మెత్తగా ఉంది. అగరుది పాకంలో నానిన కట్టెలాగా ముక్కులోంచి నేరుగా గొంతులోకి దిగింది.

"ఎవలి పెండ్లమ్మా?"

"మా చెల్లెది" అని అబద్ధం చెప్పాను.

"అట్లయితే చందనంది తీస్కో. గీ అగరుది జర మొరటుది. రెండు దినాలైనా పోదు."

చాలాసేపు రెండు చేతులూ మార్చి మార్చి వాసన చూశాను. చివరికి మొరటుదే తీసుకున్నాను.

ఇంట్లో దూది ఉండలకు అత్తరు అద్ది మంచం చుట్టూ పెట్టాను. దుప్పటి అంచులకూ రాశాను. బిడ్డ బడి నుంచి రాగానే చేయి పట్టుకుని లోపలికి తెచ్చాను.

"ఇయ్యాల మంచి వాసనొస్తుంది సూడు. బాపు కాడ జరసేపు కూసో."

కూర్చుంది. ఆయన దాని చేతిని గుండె మీద పెట్టుకున్నాడు. ఆ ముఖంలో అంత సంతోషం చూసి ఎన్ని నెలలైందో. కానీ గులాబీ ఆ వాసనను కప్పలేదు, అందులో కలిసిపోయింది. తీపి, చీము, కట్టె ఒకటై గదంతా నిండాయి. బిడ్డ ముఖం పాలిపోయింది. మెల్లగా చేయి లాక్కుని బయటికి పరుగెత్తింది. మోరి కాలువ దగ్గర వాంతి చేసుకుంటున్న చప్పుడు మా ఇద్దరికీ వినబడింది.

ఆయనకు మాట సరిగా వచ్చేది కాదు. అయినా ఇది మాత్రం నాకు తెలిసేలా అన్నాడు.

"ఇగ దాన్ని తోల్కరాకు."

"రేపు చందనంది తెస్త. గది గింత ఘాటుండది."

"వద్దు. గా దూదంత పారెయ్యి."

పారేశాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ తలుపు వైపు చూడలేదు. చందనంది కొని ఉంటే బిడ్డ ఇంకో నాలుగు నిమిషాలు కూర్చునేదేమో అని ఎన్నిసార్లు ఏడ్చానో.

మూడు వారాలకు ఆయన పోయాడు. అన్నాళ్లూ బిడ్డను మళ్లీ లోపలికి పిలవలేదు. ఆ రోజు బడి నుంచి వచ్చిన బిడ్డ వాకిట్లో నన్ను పట్టుకుని అడిగింది.

"అమ్మా, బాపుకు నా మీద కోపమొచ్చిందా?"

"లేదు బిడ్డా" అన్నాను. నిజంగానే లేదు. అది నమ్మలేదు. ఇప్పటికీ నమ్మదు.