వెనక నుంచి పిలవొద్దు

మోకాలి ఆపరేషన్ అయిన రెండో నెలలో మా ఆయన వాకింగ్‌కి వెళ్లి, పట్టుమని పది నిమిషాలు తిరక్కుండానే వచ్చేస్తుండేవారు. రావడం, సోఫాలో కూర్చోవడం, గ్లాసుడు మంచినీళ్లు తాగడం, మళ్లీ బయలుదేరడం. కాసేపటికి మళ్లీ ప్రత్యక్షం. ఇదేం చోద్యమండీ అని అడిగితే మాట దాటేసేవారు. రోజూ అరగంట ఆగకుండా నడవకపోతే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగానే చెప్పారు. అది తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

అడిగితే చెప్పని మనిషితో ఏం వేగుతాం? గచ్చిబౌలిలో మా అపార్ట్‌మెంట్ల వెనక, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ కలిపి వేసిన దారి ఒకటుంది. ఒకరోజు పొద్దున్నే ఆయనకి తెలియకుండా వెనకాలే వెళ్లాను. భయం కంటే ఆత్రమే ఎక్కువ నాకు.

ఆయన చేతికర్ర ఆనించుకుంటూ బాగానే నడుస్తున్నారు. ఇంతలో హెల్మెట్ పెట్టుకున్న ఒకమ్మాయి వెనక నుంచి సైకిల్ మీద వస్తూ, అంకుల్, జర పక్కకు జరగండని దూరం నుంచే పిలిచింది. అంతే, ఈయన నడిదారిలో ఠక్కున ఆగిపోయారు. ఆ పిల్ల బ్రేకు వేసి ఎలాగో తప్పించుకుని వెళ్లింది. ఈయన ఇంటిదారి పట్టారు.

అప్పుడు వెలిగింది నాకు. మా అత్తగారింట్లో, బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పిలిచారా, వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మరీ కదలాలి. సరే, అది గడప దగ్గరి సంగతి. దారిన పోయే సైకిల్ పిల్ల పిలిచినా లెక్కేనా? నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆయన్ని మార్చడం నా వల్ల కాదని పెళ్లయిన కొత్తలోనే తేలిపోయింది. అందుకని మర్నాడు ఆ అమ్మాయినే ఆపాను. నానక్‌రామ్‌గూడలో ఉద్యోగమట, రోజూ సైకిల్ మీదే వెళ్తుందట. బెల్లు కొడితే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారని, మర్యాదగా నోటితో పిలుస్తోందట. పాపం, ఎంత మంచి పిల్ల! మా ఆయన సంగతి చెబితే కళ్లింత చేసుకుని వింది. వాళ్ల నాయనమ్మది కూడా ఇదే పట్టింపట.

"మరి ఏం చెయ్యమంటరు ఆంటీ? చెప్పకుండ పోతే యాడ తాకుతదో అని ఫికర్."

"మెల్లగా పక్కకి వచ్చి, నీ మొహం ఆయనకి కనబడ్డాక చెప్పమ్మా. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఆఫీసేమీ మునిగిపోదుగా."

చెప్పానే గానీ, పనిచేస్తుందో లేదో చూడాలి కదా. మర్నాడు దారి చివర బెంచీ దగ్గర కాపు కాశాను. ఆ అమ్మాయి ఆయన వెనక ఎంత నెమ్మదిగా వచ్చిందంటే, సైకిల్ అటూ ఇటూ ఊగిపోయింది. దారి వెడల్పుగా ఉన్నచోట కాస్త ఎడంగా పక్కకి వచ్చి, ఆయన నడక వేగంతోనే సాగుతూ ఏదో అంది. ఈయన తల తిప్పి చూశారు. వెళ్లమన్నట్టు చెయ్యూపారు. ఆమె ముందుకెళ్లింది. ఈయన కాళ్లు మాత్రం ఆగలేదు.

బెంచీ దాకా వచ్చి నన్ను చూసి, నీకేం పని ఇక్కడ అన్నారు. కాసేపు కూర్చోమన్నాను.

"ఇంకో రౌండు వేద్దాం," అని చేతికర్ర నాకిచ్చేసి ముందుకి కదిలారు.

కర్ర లేకుండా! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మెల్లగా నడవండీ అని కేకేయబోయి, ఠక్కున నోరు మూసుకుని, పరుగున వెళ్లి ఆయన పక్కకి చేరాను.