గురువారం పది ఇరవై

2023 జూన్, రెండో సోమవారం. తిరుపతిలో మా బ్యాంకు బ్రాంచిలో నా బల్ల మీద ఒక కొటేషన్ ఉంది. కొత్త బండి ధరలో ఏ పద్దు ఎంతో విడివిడిగా వేసి డీలర్ ఇచ్చే కాగితం అది. పద్దులన్నీ చదివి పక్కన పెట్టబోతుంటే పై మూలన ఎర్ర పెన్నుతో రాసి చుట్టూ సున్నా చుట్టిన మాట కనిపించింది. "గురు 10.20". ఇందులో ప్రమాదం ఉందని నాకు తెలిసింది సరిగ్గా అప్పుడే.

"ఇదెవరు రాశారన్నా?" అని అడిగాను.

"షోరూమోళ్లే మేడమ్. మూర్తం ఎప్పుడని అడిగినారు, సెప్పినా. మర్సిపోకుండా రాసుకున్నారు. మంచోళ్లు" అన్నాడు రుణం కోసం వచ్చిన మునిరత్నం.

మునిరత్నంది తిరుచానూరు. పన్నెండేళ్లుగా పాత కారులో యాత్రికులను తిప్పుతున్నాడు. అమ్మవారి గుడి దగ్గర ఒక లాడ్జి యజమాని అతనికి మాటిచ్చాడు. ఏడు సీట్ల బండి తెచ్చుకుంటే జులై పదో తేదీ నుంచి తన లాడ్జిలో దిగే వాళ్ల కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులన్నీ అతనికే. తేలేకపోతే ఇంకో డ్రైవర్‌కి. మునిరత్నం కోరుకున్న బండికి అప్పట్లో విపరీతమైన గిరాకీ. బుక్ చేసిన ఏడు నెలలకు అతని వంతు వచ్చింది.

నేను ఆ బ్రాంచిలో వాహన రుణాలు చూసేదాన్ని. కొటేషన్‌లో అసలు ధర, రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ సరిగానే ఉన్నాయి. ఆ కిందివే తేడా. "ఎసెన్షియల్ కిట్" అని ఒకటి, అంటే సీటు కవర్లు, క్రోమ్ పట్టీలు, ఎవరూ అడగని సామాను. "హ్యాండ్లింగ్ చార్జీలు" అని ఇంకొకటి, అంటే గోడౌన్ నుంచి షోరూముకు బండి తెచ్చినందుకు. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే చేయించాలట, బయట కంటే బాగా ఎక్కువకి. అన్నీ కలిపి అనవసరపు భారం లక్షా పన్నెండు వేలు. దీనికి బ్యాంకు అప్పివ్వదు, చేతి నుంచే పెట్టుకోవాలి.

"ఇదెక్కడి నుంచి తెస్తారు?"

"రోజు ఫైనాన్సోళ్లతో మాట్లాడినా మేడమ్. పొద్దుగూకితే కట్టేస్తా ఉంటే సరిపోతాది."

సరిపోదు. మార్జిన్ మనీ, అంటే కొనేవాడు తన వాటాగా పెట్టాల్సిన డబ్బు, రోజు ఫైనాన్స్ నుంచి తెచ్చిన వాళ్లు నాలుగో వాయిదాకో ఐదో వాయిదాకో ఆగిపోవడం నేను చూశాను. అంతకు ముందు ఏడాది అలాగే ఒక బండిని మా బ్యాంకు జప్తు చేసింది. యార్డులో దాన్ని చూడ్డానికి వెళ్లాను. వెనక సీట్లో పిల్లల వాటర్ బాటిల్ ఒకటి పడి ఉంది, దాని మీద వంకర అక్షరాలతో పేరు. ఆ ఫైలు మీద సంతకం నాది. అప్పటి నుంచి ప్రతి కాగితాన్నీ మూడుసార్లు చదువుతాను. భయస్తురాలినని బ్రాంచిలో నవ్వుతారు. నిజమే, భయస్తురాలినే.

ఆ సాయంత్రం మా పాప స్కూలు మీటింగు ఏ రోజో చూద్దామని వంటింట్లో క్యాలెండర్ తిప్పాను. వచ్చే సోమవారం నుంచే ఆషాఢం. ఆ ఏడాది దాని వెంటే అధిక శ్రావణం. ఆగస్టు సగం దాకా మా వైపు ఎవరూ కొత్త బండి ఇంటికి తెచ్చుకోరు. మునిరత్నం తొందర అందుకే. ధర వేసేటప్పుడు షోరూము వాళ్లు చూసింది బండిని కాదు, ఆ తొందరని. నేను క్యాలెండర్ పట్టుకుని నిలబడిపోయాను. ఆ రెండు నెలలూ షోరూము వాళ్లకు కూడా కొనేవాళ్లు రాని రెండు నెలలే కదా.

పాప వెనక నుంచి నా కొంగు లాగింది. దానికి ఏడేళ్లు. కొత్త రబ్బరు మళ్లీ లేదు. పక్క బెంచీ పిల్లకు ఇచ్చేసిందట. "ఇవ్వకపోతే ఈ రోజు ఆటకి రానివ్వనంది" అంది. వారంలో అది మూడో రబ్బరు.

మంగళవారం మధ్యాహ్నం సెలవు పెట్టి మునిరత్నంతో షోరూముకి వెళ్లాను. సేల్స్ మేనేజర్ మర్యాదగా కాఫీ తెప్పించాడు.

"కిట్ వద్దు, హ్యాండ్లింగ్ వద్దు. ఇన్సూరెన్స్ మేం బయట చేయించుకుంటాం" అన్నాను.

"మేడమ్, మీ వెనక నలభై మంది ఉన్నారు. మీకు గురువారం పది ఇరవైకి కావాలి. నేను ఇస్తానంటున్నాను. కిట్ లేకుండా అంటే, సారీ, మీ టైముకి కుదరదు."

నా చేతులు వణుకుతున్నాయి. కాఫీ కప్పు కింద పెట్టి చేతులు బల్ల కిందికి తీసుకున్నాను.

"అయితే గురువారం మాకు వద్దు సార్. బుకింగ్ అలాగే ఉంచండి. ఆషాఢంలో తీసుకుంటాం."

అతను నన్ను కాదు, మునిరత్నాన్ని చూశాడు. మునిరత్నం నన్ను చూశాడు. లేచే ముందు, ఎక్స్‌ఛేంజ్ కింద ముందు రోజే వాళ్లకు అప్పగించేసిన పాత కారు తాళాలు అడిగి తీసుకున్నాం. ధర రాసివ్వకుండానే కారు పెట్టించుకున్నారు మరి.

బయటికొచ్చాక మునిరత్నం పాత కారు తలుపు తీశాడు. "నాకేం లేదు మేడమ్. మా ఇంటామెకు మీరే సెప్పాల" అన్నాడు.

అతని భార్య ధనమ్మ తిరుచానూరు గుడి వీధిలో పూలమ్ముతుంది. మేం వెళ్లేసరికి బుట్ట ముందు కూర్చుని మల్లెలు కడుతోంది. విషయం వినగానే ఆమె చేతులు ఆగాయి.

"ఆసాడంలో బండా? వీధంతా నగతారు. ఏమయ్యా, నీకు బుద్ధుండాదా? మేడమ్ సెప్పిందని తల ఊపుకుంటా వచ్చేసినావా?"

"నేనేం ఊపలేదే. తల యాడుందో అదే తెలీలేదు నాకు" అన్నాడు మునిరత్నం.

నేను కొటేషన్ ఆమెకిచ్చాను. ఎర్ర సున్నా చూపించి, ఇది వాళ్లు రాసుకున్న మీ ముహూర్తం అక్కా, కింద అదనంగా ఉన్న డబ్బు దీనికోసమే అన్నాను. ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టింది.

"పెండ్లిండ్ల రోజు మల్లెపూలు మూర ఎంతకిస్తానో అడుగుమ్మా నన్ను. గడియ దగ్గరికొచ్చి ఉరుక్కుంటా వస్తారు సూడు, వాళ్లు బేరమాడరు. ఎంతంటే అంత. అదే పూలు ఆసాడంలో, ఎవురన్నా తీస్కోండమ్మా అని పిలిసి పిలిసి ఇయ్యాల. నేను జనానికి సేసేదే ఆ పిల్లోడు నాకు సేసినాడు."

మల్లెలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఆసాడంలో అమ్మోరు గుడి ముయ్యదు, యాత్రికులు రాక మానరు. రానీ బండి. నగేవాళ్లను నగనీ."

మరో రెండు వారాల తర్వాత నేను అంత ధైర్యంగా లేను. జూన్ ఇరవై ఎనిమిది దాకా షోరూము నుంచి ఫోన్ లేదు. పదో తేదీ లోపు రిజిస్ట్రేషన్, పర్మిట్ అన్నీ కావాలి. లాడ్జి యజమాని అప్పటికే ఇంకో డ్రైవర్‌ని పిలిపించి మాట్లాడాడని మునిరత్నం చెప్పాడు. నా మీద కోపం చూపించలేదు. చూపిస్తే బాగుండేదనిపించింది.

ఇరవై తొమ్మిదో తేదీ ఉదయం ఫోన్ మోగింది. మేనేజరే.

"మేడమ్, ఒక బండి ఉంది. మీ రంగే. కిట్ సగానికి తగ్గిస్తాను."

జూన్ ముప్పై అంటే మూడు నెలల లెక్క ముగిసే రోజు. ఆ లోపు ఎన్ని బండ్లు బిల్లయితే డీలర్‌కి కంపెనీ ఇచ్చే లాభం అంత. వెనక ఉన్న నలభై మందిలో ఎక్కువమంది ఆషాఢం దాటాకే తీసుకుంటామన్నారని నాకు అర్థమైంది. బ్యాంకు నుంచి డబ్బు వస్తుందని డీలర్‌కి భరోసా ఇచ్చే ఉత్తరాన్ని డెలివరీ ఆర్డర్ అంటాం. మునిరత్నానిది పది రోజుల కిందే సంతకమై నా సొరుగులో ఉంది.

"డెలివరీ ఆర్డర్ సిద్ధంగా ఉంది సార్. గంటలో మీ దగ్గరుంటుంది. ఇన్‌వాయిస్‌లో మాత్రం బండి ధర, టాక్స్, రిజిస్ట్రేషన్, ఈ మూడే ఉండాలి. పాత కారు ధర మొదట నోటిమాటగా చెప్పిందే, ఈసారి రాసివ్వాలి."

అవతల నిశ్శబ్దం. నేను మాట్లాడకూడదని పెదవి కొరుక్కున్నాను. ఆ నిశ్శబ్దంలో ఎన్నిసార్లు, పోనీ సగం కిట్ ఇవ్వండి అనబోయానో నాకే తెలుసు.

"సరే మేడమ్. ఇంకెవరికీ చెప్పకండి."

ముప్పయ్యో తేదీ సాయంత్రం బండి బయటికొచ్చింది. ధనమ్మ తనే కట్టిన మల్లెదండ తెచ్చి బానెట్‌కి వేసింది. బండి చుట్టూ ఒకసారి తిరిగి మేనేజర్ దగ్గర ఆగింది.

"ఏం నాయనా, కాళ్ల కింద పట్టాల్లేవే? ఆసాడంలో వచ్చిన బేరం మేం. పిలిసి ఇయ్యాల."

మేనేజర్‌కి నవ్వు ఆగలేదు. లోపలికి మనిషిని పంపి మ్యాట్లు తెప్పించి వేయించాడు. పర్మిట్ జులై ఎనిమిదిన వచ్చింది. పదో తేదీ ఉదయం మునిరత్నం మొదటి ట్రిప్పు కాణిపాకం వెళ్లాడు. ఒక్క వాయిదా కూడా తప్పకుండా కడుతున్నాడు.

బేరానికి వెళ్లేటప్పుడు మనకు ఏం కావాలో చెప్పవచ్చు గానీ, అది లేకుండా ఏ గంట దాటలేమో మాత్రం అవతలివాడి పెన్నుకి అందించకూడదు. ఆ కేసు నాకు నేర్పింది ఇదే. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చిన వాళ్లందరికీ సంతకం కంటే ముందు ఈ మాట చెబుతూ వచ్చాను.

బండి వచ్చిన మర్నాడు శనివారం. పాపకు జడ వేస్తున్నాను, నాలుగేళ్ల బాబు దోసె తింటున్నాడు. పాప బ్యాగులో ఇంకో కొత్త రబ్బరు పెట్టి ఇద్దరికీ బండి కథ చెప్పాను. పాప అంతా విని, "ఆ పిల్ల ఆడనంటే?" అంది.

"సరే, ఈ రోజుకి వద్దులే అను. తనకీ ఆడ్డానికి మనిషి కావాలి కదా."

"మళ్లీ పిలవకపోతే?"

"పిలవకపోవచ్చు. నాకూ అదే భయం వేసింది. చేతులు వణికాయి."

"మరేం చేశావు?"

"బల్ల కింద పెట్టుకున్నాను. పెట్టుకుని, వద్దు అన్నాను."

బాబు దోసె వదిలేసి చేతులు రెండూ బల్ల కింద పెట్టుకున్నాడు. "నాకు పాలొద్దు" అన్నాడు.