అన్న డోలు దెబ్బ, పదహారు ఆకుపచ్చ డబ్బాలు

మా అన్న డోలు దెబ్బను మా పై వాటా అమ్మాయి కంప్యూటర్లో తిన్నగా నిలబెట్టేసింది. నన్ను అడగలేదు, ఆయన్నీ అడగలేదు.

ఆ రోజుల్లో, అంటే ఎనిమిదేళ్ల కిందట, నాకింకా అరవై ఒకటే, ఉడుకు రక్తం. బడికి పోయింది నాలుగో తరగతి దాకే అయినా, క్లారినెట్ నుంచి స్కూటర్ ఇంజన్ దాకా అన్నీ విప్పి చూసి సొంతంగా నేర్చినవాణ్ని (విప్పినవన్నీ మళ్లీ బిగించానని మాత్రం అనను). అన్నా నేనూ ఖాజాగూడ బ్యాండు మేళంలో పాతికేళ్లు పెళ్లి ఊరేగింపుల ముందు నడిచాం. ఆయన ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. అందుకే నడుస్తూ వాయిస్తే ప్రతి నాలుగో దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడేది. జనం చేతులు గాల్లో ఆపి దానికోసం కాచుకుని, అది పడగానే ఎగిరేవారు. డీజేలు వచ్చాక ఆయన డోలు పక్కన పెట్టాడు. నా చిన్న కూతురి పెళ్లికి వాయించమని ఎంత బతిమాలినా, "ఇగ మనల్ని ఎవలు ఇంటరు తమ్మీ, జర ఇడిశిపెట్టు" అన్నాడు.

ఆయన రాకపోతే ఆయన దెబ్బైనా రావాలనుకున్నాను. ప్రగతి నగర్‌లో మా పై వాటాలో కిరాయికి ఉండే కడప అమ్మాయి, వారమంతా హైటెక్ సిటీలో ఉద్యోగం చేసి, ఆదివారాలు కంప్యూటర్లో సంగీతం కట్టేది. ఆమె కీబోర్డు మీద రెండు వేళ్లతో అన్న దెబ్బను వాయించాను, ఆలస్యంతో సహా. తెర మీద అది ఆకుపచ్చ డబ్బాలా పడింది (మిడి రీజియన్ అంటారట, నాకు డబ్బానే). లోపల దెబ్బకొక గీత, మొత్తం నాలుగు. నేను కిందికెళ్లి చాయ్ తాగి వచ్చేసరికి అలాంటి డబ్బాలు పదహారు వరసగా ఉన్నాయి. వాటిలో గీతలన్నీ కవాతులో జవాన్లలా నిలబడ్డాయి.

"ఏందమ్మా గిది?"

"క్వాంటైజ్ చేసినా తాతా. నాలుగోది లేటుగా పడతాంది, సరి చేసినా."

"అది తప్పు గాదు, మా అన్న!"

ఆమె నవ్వింది. "సరేలే, ఒక్క నొక్కు నొక్కితే వెనక్కి వచ్చేస్తాది."

"నువ్వు నొక్కింది చాలు. నేనే జరుపుత."

"అయితే ఒక మాట తాతా, ఆ డబ్బాలుండాయే..."

"ఫికర్ చెయ్యకు, నాకు ఎర్కే" అని నోరు మూయించాను. అసలు మాట అక్కడే ఆగిపోయింది.

ఒక్కో డబ్బా తెరిచి, నాలుగో గీతను వెంట్రుకవాసి పక్కకు లాగాను. రెండో డబ్బాకు వెళ్లేసరికి గీత ముందే కాస్త జరిగి ఉన్నట్టనిపించింది, కళ్లజోడుదే లోపమనుకున్నాను. పదహారూ ముగించాను. "ఒక్కసారి విను తాతా" అందామె. పాతికేళ్లు పక్కన నడిచి విన్న దెబ్బ, మళ్లీ వినేదేమిటి? "అన్నా, ఇది నీ దెబ్బే, పెండ్లిల డీజే ఇదే కొడతడు" అని ఫోన్లో ఆయనకు పంపేశాను.

పంపాక ఆమె చెప్పింది. మిగతా పదిహేనూ మొదటి డబ్బాకు నీడలట. ఒకదాంట్లో ఏది జరిపినా అన్నింట్లోనూ జరుగుతుందట. అంటే పదహారు వెంట్రుకలూ కలిసి జడయ్యాయి. వినిపించింది కూడా. డోలు మూడడుగులు బాగానే నడిచి, నాలుగో అడుగు గుంటలో వేసి, లేచి దులుపుకుని మళ్లీ బయల్దేరుతోంది. నా మొహం చూసి ఆ పిల్ల నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

సాయంత్రం దాకా జవాబు లేదు. జీవితమంతా కాలీడ్చిన మనిషిని వెక్కిరించినట్టయిందే, ఇక పెళ్లికి అతిథిగా కూడా రాడేమోనని కుంగిపోయాను. ఇప్పుడు ఆ అరవై ఒక్కేళ్ల కుర్రాణ్ని తలుచుకుంటే కోపం రాదు, ముద్దొస్తుంది. వాడు ఒక్కసారి విని పంపి ఉంటే, చీకటి పడే వేళకు ఫోన్లో అన్న గొంతు ఇలా పలికేది కాదు:

"తమ్మీ, నేను కాలీడుస్త గని, మరీ గింతనారా? గిది ఇంటే పెండ్లికొడుకు బోర్ల పడతడు. ఆ డబ్బలన్ని బంద్ జెయ్యి. పిల్ల పెండ్లిల డోలు నేనే కొడత."