జానెడు గడ్డి

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఇంటి వాకిలి చూసి ఆ ఇంటి కోడలి పనితనం చెప్పేసేవాళ్లు. అల్లూరుకు తూర్పున, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉండేది మా ఊరు. వాకిట్లో గడ్డి పరక కనిపిస్తే మా అవ్వ ఊరుకునేది కాదు. పారతో నేలంతా నున్నగా చెక్కించి, పేడనీళ్లు చల్లించేదాకా ఆమె నోరు మూతపడేది కాదు. ఆ నోటికి భయపడో, తన పట్టుదల కొద్దో, మా అమ్మ వాకిలిని ఎవరూ వంక పెట్టలేనంత శుభ్రంగా ఉంచేది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు మా తమ్ముడు జ్వరమొచ్చి పోయాడు. వాడింకా అడుగులు కూడా వేయలేదు. పసిబిడ్డల్ని మా వైపు కాల్చరు, పూడ్చిపెడతారు. అమ్మ పాత పచ్చచీరలో చుట్టి, సరుగుడు తోపు అవతలి ఇసుక దిబ్బలో వాణ్ణి పెట్టి వచ్చారు. అంత చిన్నవాళ్లకు రాయి పాతే ఆనవాయితీ మాకు లేదు. ఆ చోటు తల్లికి గుర్తుండాలి, అంతే. మా నాయన ఆ తర్వాత వాడి మాట ఎత్తలేదు. అమ్మ మాత్రం రోజూ పని తెముల్చుకుని దిబ్బకు పోయేది.

వానలు పడ్డాక అక్కడ గరిక మొలిచింది. అమ్మ దాన్ని చూసి ఓర్చుకోలేకపోయింది. కొడవలి తీసుకుపోయి మొదలంటా కోసేది, మిగిలిన వేళ్లు చేత్తో పీకేది, ఆఖరున చీపురుతో ఊడ్చేది. మా వాకిలి ఎట్లా ఉండేదో వాడి చోటూ అట్లాగే ఉండేది. చూసినవాళ్లు తల్లి మనసు అని కళ్లు తుడుచుకున్నారు. నాకూ అది ముచ్చటగానే ఉండేది.

ఎండాకాలం వచ్చింది, గాలి మొదలైంది. మా తీరంలో ఆ గాలికి ఇసుక ఒకచోట నిలవదు. వాడి మీద పోసిన కుప్ప కుంగుతోందని అమ్మ రెండు మూడుసార్లు అంది, ఎవరూ పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం నేనూ వెంట పోయాను. ఇసుకలోంచి పచ్చచీర అంచు పైకి తేలి గాలికి కొట్టుకుంటోంది. అమ్మ కూలబడి రెండు చేతులతో ఇసుక తోడి పోయడం మొదలుపెట్టింది. పోసింది పోసినట్టే గాలి ఎత్తుకుపోతోంది. అప్పట్లో ఆ తోపులో నక్కలు తిరిగేవి. ఆ సంగతి గుర్తొచ్చి ఇంటికి పరుగెత్తి అవ్వను పిలుచుకొచ్చాను.

ఇక అమ్మకు మూడిందనే అనుకున్నాను. అవ్వ ఆ రోజు ఒక్క తిట్టు తిట్టలేదు. చీర అంచు మీద తన భుజం మీది తువ్వాలు కప్పి, అంచుల వెంట ఇసుక పోసి, నన్ను అక్కడే కూర్చోమని చెప్పింది. అమ్మను లేపి కాలువ వైపు తీసుకుపోయింది. వాళ్లు తిరిగొచ్చేటప్పటికి ఇద్దరి నెత్తిన గంపలున్నాయి. కాలువ పక్క పల్లంలో మట్టితో సహా తవ్విన గరిక గడ్డలవి. కుప్ప మళ్లీ పోసి, సందు లేకుండా ఆ గడ్డల్ని పేర్చి, కాలితో అదిమి, కడవతో నీళ్లు పోశారు.

పని అయ్యాక అమ్మ నోరు విప్పింది. "నా బిడ్డ మింద గడ్డి మొలిస్తే నేను మర్సిపోయినట్టే గదత్తా" అంది.

అవ్వ వేళ్లు విప్పి జానను ఇసుకలో నిలువుగా ఆనించింది. "వాకిట్లో గడ్డి ఉంటే పాము కనపడదు, అందుకని చెక్కతాం. పొలం గట్టు మింద పిడికిలెత్తు వదల్తాం, గట్టు నిలబడాల గదా. ఈడ జానెడు ఉండనీ. దానికి మించితే కొయ్యి, కిందికి మాత్రం కొయ్యమాక. ఇసకని పట్టుకునేది అదే." పక్కకు జారిన గడ్డను అదిమి, "నేనూ నీ మాదిరే ఊడ్సినా. నా పెద్దోడు ఈ దిబ్బలో ఏడుండాడో నాకు తెల్దు" అంది.

అవ్వకు మా నాయన కంటే ముందు ఒక కొడుకు పుట్టాడని మాకు అప్పుడే తెలిసింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. అత్తాకోడళ్లు అట్లా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు.

నెల్లూరులో నేనిప్పుడుంటున్న మా అమ్మాయి ఇంటి ముందు పచ్చిక ఉంది. దాన్ని కోసే మిషన్‌కు ఎత్తు మార్చే పిడి ఉంటుంది. తోటపని ఆయన దాన్ని అడుగుకు దించేస్తాడు. ఎండల్లో నేలకంటా కొయ్యమాకయ్యా అంటే, ఈ ముసలామెకు గడ్డి గోల ఏమిటని నవ్వుతాడు. వేసవిలో అది ఎండిపోయాక మాత్రం నా మొహం చూడడు.

అమ్మ బతికినంత కాలం జానతో కొలిచే కోసింది. ఆమె పోయాక ఆ కొడవలి నాకొచ్చింది. ఇప్పుడు దిబ్బ చుట్టూ రొయ్యల గుంటలు తవ్వారు. బోసి ఇసుకలో ఆ పచ్చటి చోటు చూసి, ఎవరో చూసుకునేవాళ్లున్నారని కాబోలు, తవ్వేవాళ్లు దాన్ని వదిలేశారు. గుంటల్లోని ఉప్పునీటి ఊటకు మాత్రం గరిక ఏటేటా పలచబడుతోంది. దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. 

ఈ ఏడూ పోయాను. మోకాళ్లు సహకరించకపోయినా కూర్చుని, వేళ్లు విప్పి చెయ్యి ఆనించాను. గడ్డి పిడికిలెత్తు కూడా లేదు. కడవతో తెచ్చిన మంచినీళ్లు మొదళ్లలో పోసి, కొడవలిని సంచిలోంచి తీయకుండానే తిరిగొచ్చాను.