ఆస్పత్రి బండికి ఇంజను వెతుకుతూ చిత్తూరు దాకా

పులికాట్ ఒడ్డున, సూళ్ళూరుపేటకు తూర్పుగా ఉన్న చిన్న ఆస్పత్రిలో నేను నర్సుని. డాక్టరమ్మ వారానికి రెండుసార్లు వచ్చి చూసిపోతుంది. తక్కిన రోజుల్లో కష్టమైన కాన్పు వస్తే ఆ మనిషిని బండిలో పడుకోబెట్టుకుని పేటకు పరుగెత్తాల్సిందే. మా పాత బండి పెట్రోలుది. పోయిన కార్తీకంలో ముసురు పట్టి రోడ్డు మీదికి నీళ్ళెక్కినప్పుడు, రాహేలు అనే పిల్లను తీసుకుపోతుంటే మోకాటిలోతు నీళ్ళలో ఆగిపోయింది. ప్లగ్గుల్లోకి నీళ్ళు పోయాయన్నాడు డ్రైవరు దానియేలు. అతను వాటిని విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించేలోగా బండిలోనే కాన్పయింది. రాహేలు బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఆ బండెక్కడానికి ఊళ్ళో ఆడవాళ్ళెవరూ ఒప్పుకోలేదు.

అందుకని ఆస్పత్రి కమిటీవాళ్ళు వేరే పికప్పు బండి కొనాలనుకున్నారు. ఇంజను చూడడానికి దానియేలునీ, వెనక పడుకునే మనిషి తరఫున నన్నూ పంపారు. ఇలాంటి పని మీద పోయేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. చదివాక కూడా మీకు సంగతి తేటపడకపోతే తప్పు మీది కాదు.

ఫిబ్రవరిలో ఒక శనివారం తెల్లవారి బస్సుకు బయలుదేరి, నాయుడుపేటలో ఇడ్లీ తిని, తిరుపతి బస్సు పట్టుకున్నాం. పక్క సీట్లో తెల్లపంచె పెద్దమనిషి మా మాటలు విని ఇటు తిరిగాడు.

"డీజిలే కొనండమ్మా. పెట్రోలు బండి కొత్తల్లుడి మాదిరి. మర్యాదలో రవ్వంత తగ్గినా కదలదు."

వెనక సీటాయన ఊరుకోలేదు. "డీజిలు కొన్నోళ్ళను నేను సూసినా. చలికాలం తెల్లారి లేపాలంటే ఊరంతా వచ్చి తోయాల."

కాళహస్తి దాటేదాకా ఇద్దరూ వాదించుకున్నారు. దిగేటప్పుడు తెలిసింది, ఇద్దరికీ బళ్ళు లేవు.

తిరుపతిలో దిగేసరికి ఎండ ముదిరింది. బస్టాండు దగ్గర భోజనం చేశాం. శనివారం కాబట్టి లాడ్జీల్లో గది అడిగితే నవ్వారు. నాతో ట్రైనింగు చేసిన విమల ఇక్కడి ఆస్పత్రి క్వార్టర్సులో ఉంటుంది, నా సంచి అక్కడ పెట్టాను. దానియేలు మేము బళ్ళు చూడబోయే షెడ్డులోనే పడుకుంటానన్నాడు.

ఆ షెడ్డు రేణిగుంట రోడ్డులో ఉంది. యజమాని మునిరత్నం పాత బళ్ళు కొని బాగుచేసి అమ్ముతాడు. రెండు పికప్పులు చూపించాడు. చూడ్డానికి రెండూ ఒకటే. ఒకదానికి మొదటినుంచీ ఉన్న పెట్రోలు ఇంజను. రెండోదానికి అది తీసేసి డీజిలు ఇంజను బిగించాడు.

నేను వెంట తెచ్చిన సెలైను సీసాను టాపు కమ్మీకి కట్టి, దుప్పటి పరిచి పెట్రోలు బండిలో వెల్లకిలా పడుకున్నాను. షెడ్డులో పనివాళ్ళు చేతిలో పనులాపి చూశారు. సిగ్గేసింది, కానీ ఇంకెలా తెలుస్తుంది? దానియేలు మంగాపురం వైపు తిప్పుకొచ్చాడు. సీసా కొంచెమే ఊగింది. గుంటలు తప్పితే ఇంజను ఉన్నట్టే తెలియలేదు.

"నీళ్ళలో పోతుందా?" అని మునిరత్నాన్ని అడిగాను.

"తిరుపతిలో నీళ్ళు యాడుండాయి తల్లీ? తాగేదానికే లేవే."

డీజిలు బండికి ప్లగ్గులతో నిప్పు పుట్టించే పనే లేదు కాబట్టి నీళ్ళకు అంత సులభంగా ఆగదని దానియేలు చెప్పాడు. సంతోషంగా అందులో పడుకున్నాను. బయలుదేరగానే పళ్ళు టకటకలాడాయి. సీసా కమ్మీకి కొట్టుకుంటూనే ఉంది. తిరిగొచ్చేసరికి నడుము పట్టేసింది.

"నిండు నెలల మనిషి ఇందులో పడుకుంటే దారిలోనే కాన్పయిపోతుంది" అన్నాను.

"మంచిదే కదమ్మా, ఆస్పత్రి దాకా పోయే శ్రమ తప్పుతాది" అని నవ్వాడు మునిరత్నం. దానియేలు మొహం చూసి నవ్వు ఆపేశాడు. కాసేపటికి దానియేలే జరిగింది చెప్పాడట. సాయంత్రం నేను బయలుదేరుతుంటే మునిరత్నం దగ్గరికొచ్చాడు.

"ఇంజను కింద కొత్త రబ్బర్లు ఏసిస్తానమ్మా. ఊపు తగ్గుతాది. పూర్తిగా పోతాదని మాత్రం చెప్పలేను."

ఆ రాత్రి నాకు పెట్రోలు మంచిదనిపించింది. చిత్తూరులో ఇంకో బండి ఉందంటే చూడడానికి పొద్దున స్టేషనుకొచ్చిన దానియేలు, రాత్రంతా ఆలోచించి డీజిలే మేలనుకున్నానన్నాడు. చిత్తూరు ప్యాసింజరు చంద్రగిరి కొండల పక్కన నింపాదిగా పోతుంటే నేను అతని మాటకు వచ్చాను. పాకాలలో వడలు తిని టీ తాగేలోపు అతను నా పాత మాటకు మారిపోయాడు. మేమిద్దరం ఒకే మాట మీద ఉన్నది ఆ కొండలు దాటినంత సేపే.

ఎదురు సీట్లో ఒకావిడ కూర్చుంది, వాళ్ళకు మామిడి తోటలున్నాయట. చిత్తూరులో మేము చూడబోయేది జపానువాళ్ళ తయారీ డీజిలు బండి అని చెబితే తల ఊపింది. "మా ఆయన అట్లాదే కొనుండాడు. బాగుండాది. చెడిపోతే మాత్రం సామానుకి మద్రాసు పోవాల."

"ఎన్నిసార్లు చెడిపోయిందక్కా?"

"ఇంకా చెడిపోలేదు. అదే బయ్యం."

చిత్తూరులో బండి అమ్ముతున్నది గంగులప్ప అనే మామిడి వ్యాపారి. పెద్ద లారీ కొంటున్నాడు కాబట్టి ఇది ఇచ్చేస్తున్నాడట. బండి ఆయన మండీ ముందు నీడలో ఉంది. పలకరింపులు కాకముందే దానియేలు పోయి బానెట్టు మీద చెయ్యి పెట్టి, నా దగ్గరికొచ్చాడు.

"వేడిగా ఉండాది సిస్టరమ్మా. చల్లటి ఇంజను ఎట్లా లేస్తాదో మనకు తెలవకుండా ముందే లేపి పెట్టినారేమో."

గంగులప్ప చెవిన పడింది. "టౌనుకు పోయి ఇప్పుడే వస్తినబ్బా. మీరొస్తారని పని మానుకుంటానా?" అన్నాడు. కోపం రాలేదు ఆయనకు. నిజమే చెబుతున్నాడేమో. కాకపోవచ్చు కూడా.

మళ్ళీ దుప్పటి, మళ్ళీ సీసా. ఇంజను చప్పుడు ఎక్కువే, కానీ ఊపు నేను భయపడినంత లేదు. కాణిపాకం దారిలో ఒకచోట కాలవ నీళ్ళు రోడ్డుకడ్డంగా పారుతున్నాయి. ఆగమన్నాను. అందులోకి దించి, నడిమధ్యలో నిలబెట్టి, మళ్ళీ ముందుకు పోనిమ్మన్నాను. ముందు దానియేలు పక్కన కూర్చున్న గంగులప్ప వెనక్కి తిరిగి అదోలా చూశాడు గానీ వద్దనలేదు. చక్రాల కింద నీళ్ళ చప్పుడు వినపడగానే నా చేతులు కమ్మీని గట్టిగా పట్టుకున్నాయి. నీళ్ళలో కాసేపు నిలబడింది బండి. ఇంజను ఆగలేదు. గట్టెక్కాక దానియేలు దిగి దూరంగా పోయి నిలబడ్డాడు. బీడీ కాల్చుకోవడానికనుకున్నాను. బీడీ వెలిగించలేదు.

మండీకి వచ్చాక అడిగాను. "ఏమంటావు దానియేలన్నా?"

"సామాను మద్రాసులో దొరుకుతాది. వానల్లో చెడిపోతే మద్రాసు పోయేదెట్లా? ఆ మునిరత్నం బళ్ళకయితే పేటలోనే మెకానిక్కులుండారు. మీరే చెప్పండి."

"నేను పడుకుని చూడగలనుగానీ ఇంజను సంగతి నాకేం తెలుసు? ఇంకో వానాకాలం వస్తే నువ్వు దేన్ని నడుపుతావు?"

అతను ఈ బండి వైపు చూపించాడు. వెంటనే చెయ్యి దించేసుకున్నాడు. అయినా నేను కమిటీవాళ్ళిచ్చిన డబ్బు గంగులప్పకు ఇచ్చేశాను. ఇంకాసేపు నిలబడితే మళ్ళీ మనసు మారుతుందని భయం.

ఆ రాత్రి బండితోనే తిరుపతి చేరి, విమలకు చెప్పి, సోమవారం ఇంటికి బయలుదేరాం. దానియేలు మళ్ళీ మునిరత్నం షెడ్డులోనే పడుకున్నాడు; పొద్దున నేను అక్కడికి వచ్చేసరికే బండి లేపి రోడ్డు మీద పెట్టాడు. ఎలా లేచిందని అడిగితే, "లేసింది" అన్నాడు. పుత్తూరు మీదుగా పోదామంటే వద్దన్నాడు, మెకానిక్కులున్న దారే కావాలట. కాళహస్తిలో భోజనానికి ఆగినప్పుడు కావాలనే రోడ్డు వాలులో నిలిపాడు. సెల్ఫు పలకకపోతే దొర్లించి లేపొచ్చునని.

నాయుడుపేటలో వాలు లేదు. టీ అంగడి ముందు బండి నిలిపి, ఇంజను ఆపకుండానే దిగాడు. గ్లాసులు గణగణమంటున్నాయి. అంగడాయన విసుక్కుంటున్నాడు.

"ఆపు దానియేలన్నా" అన్నాను. "లేవకపోతే ఈడే తెలియనీ. ఈడయితే మన వెనక ఎవరూ పడుకుని లేరు."

ఆపాడు. టీ తాగాం. ఇద్దరం బండి వైపు చూడలేదు. తర్వాత ఎక్కి సెల్ఫు కొట్టాడు. పలకలేదు. ఇంకోసారి కొట్టాడు, దగ్గి ఊరుకుంది. మూడోసారికి లేచింది.

"మంచి బండే కొన్నామా అన్నా?" అని అడిగాను.

అతను బండిని రోడ్డెక్కించాడు.

"తెలవదు సిస్టరమ్మా" అన్నాడు.

బయలుదేరినప్పటినుంచీ ఇంజన్ల గురించి ఎందరినో అడిగాను. తెలియదన్న మనిషి ఇతనొక్కడే. ఎందుకో నాకు ఆ మాటతోనే ధైర్యం వచ్చింది. రోజూ పొద్దున్నే ఇద్దరం కలిసి బండి లేపి చూద్దామని, వానలు రాకముందే మద్రాసు పోయి కావలసిన సామాను తెచ్చి ఆస్పత్రిలో పెట్టుకుందామని చెప్పాను. అతను తలూపి గేరు మార్చాడు. సూళ్ళూరుపేట దాటాక ఉప్పుగాలి ముఖానికి తగిలింది, నేను కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాను.